గరుకుగానే ఉంచవలసిన పిట్టలు

పళ్ళ ల్యాబులో పాలిష్ పని చేసి రిటైరైనదానను, నోటి క్యాన్సర్ వార్డులో చిన్నా పెద్దా అందరిచేతా పాలిషత్త అని పిలిపించుకునేదానను అయిన నేను, నా బుద్ధి నా స్వాధీనంలో ఉండగా, ఎవరూ చెయ్యి పట్టి రాయించకుండా, ఎవరి బెదిరింపుకూ బుజ్జగింపుకూ లొంగకుండా, నా సొంత దస్తూరితో వ్రాసుకున్న వీలునామా ఇది. గుండె సంగతి వేరు. అది పాడైందని, మరమ్మతుకు లొంగదని డాక్టరుగారు చెప్పారు. బుర్ర మాత్రం భేషుగ్గా ఉందని ఆయనే సంతకం పెట్టి కాగితం ఇచ్చారు. దానిని దీనికి జతపరిచాను.

కొన్ని నెలల కిందట నేను వ్రాసిన వీలునామా ఒకటి ఉండేది. అందులో నా మేనకోడలికి ఒక్క గుండీ కూడా దక్కకూడదని వ్రాశాను. దానిని ఇందుమూలంగా రద్దు చేస్తున్నాను. వకీలుగారు, "ఇంత కథ అక్కర్లేదమ్మా, ఎవరికేమిటో రాస్తే చాలు" అన్నారు. ఎవరికి ఏమిటో రాసి ఎందుకో రాయకపోతే, నేను పోయాక జనం తమకు తోచిన కారణం తెచ్చి అతికిస్తారు. ఆ అవకాశం నేనివ్వను.

1. ఈ వీలునామాను అమలు జరిపే బాధ్యతను వార్డు హెడ్ సిస్టరమ్మకు అప్పగిస్తున్నాను. ఆవిడకు జాలి ఎక్కువ, మొహమాటం తక్కువ. ఈ రెండూ ఒకే మనిషిలో కుదరడం నేను ఇంకెక్కడా చూడలేదు. ఆవిడ కాదంటే ఎవరికి అని వకీలుగారు అడిగారు. ఆవిడ కాదనదు.

2. వారసుల వివరం. నాకు పెళ్ళి కాలేదు, పిల్లలు లేరు. నాకున్న ఒక్క అన్నయ్య ఎప్పుడో పోయాడు. అన్నయ్య భార్య, అంటే మా వదిన, పోయిన చలికాలంలో పోయింది. వాళ్ళ కూతురు, నా మేనకోడలు, వేరే ఊళ్ళో ఉద్యోగం చేసుకుంటోంది. రక్తసంబంధం అంటూ మిగిలింది అదొక్కతే.

అన్నయ్య పోయాక కంపెనీవాళ్ళు క్వార్టర్ ఖాళీ చేయమంటే వదిన నా ఫ్లాటుకు వచ్చింది. నేను రమ్మన్నాను, ఆవిడ వచ్చింది. అంతే తప్ప మా ఇద్దరికీ ఇష్టమై జరిగింది కాదు. అన్నయ్య ఉన్నప్పుడు ఆయన మొహం చూసి ఊరుకునేవాళ్ళం. ఆయన పోయాక ఆ మొహమాటమూ పోయింది. ఆవిడ ఎడ్డెమంటే నేను తెడ్డెమనేదాన్ని. వంటింట్లో రెండు పొయ్యిలు పెట్టుకున్నాం. ఒక పొయ్యి మీది గిన్నె ఇంకో పొయ్యి మీదికి వచ్చిందంటే ఆ పూట ఇంట్లో యుద్ధమే. కింది వాటాలో కుట్టుపని చేసుకునే దర్జీగారు ఒకసారి మెట్ల మీద ఆపి, "అమ్మా, మీ ఇంట్లో రేడియో లేకపోయినా మాకు కాలక్షేపానికి లోటు లేదు" అన్నాడు. ఆ రోజు మాత్రం వదినా నేనూ కలిసి ఆయన మీద కోప్పడ్డాం. మేం కలిసి చేసిన మొదటి పని అదే.

3. నా పాలిష్ లేతు, దాని మెత్తటి బట్ట చక్రాలు, తడిపి రుద్దే వాటర్ పేపర్ల కట్టలు, నీళ్ళ గిన్నెలు, పాత జీన్స్ గుడ్డ ముక్కలు నింపిన సంచి, ఇవన్నీ నా తదనంతరం కండక్టరుకు చెందవలసినవి. ఈమె పూర్వం బస్సులో కండక్టరు. పై దవడ సగం తీసేశాక ఉద్యోగం పోయింది, నోరు మాత్రం పోలేదు. లేతు ల్యాబు యజమాని నా రిటైర్మెంటు రోజున ఇచ్చింది. శాలువా కప్పి పంపించబోతే, "శాలువా వద్దు, ఆ మూల పడేసిన లేతు ఇవ్వండి" అన్నాను. ఆయన ఇచ్చాడు. అందుకు ఆయన మీద నాకున్న పాత కోపాల్లో ఒకటి తగ్గించాను.

ఈ లేతు మా ఇంట్లో ఏం చేసిందో చెప్పాలి. వదిన బేకరీలో కేకుల మీద పువ్వులు వేసే పని చేసేది. క్రీముతో గులాబీ వేసిందంటే, ముక్క కోయడానికి జనానికి చేతులాడేవి కావట. బేకరీ మూతపడ్డాక ఆ చేతులకు పని లేక రోజంతా బాల్కనీలో కూర్చునేది. అప్పుడు మేనకోడలు ఒక పుట్టినరోజుకు రంగురంగుల పాలిమర్ క్లే, అంటే కాలిస్తే గట్టిపడే బొమ్మల ముద్ద, పెట్టెడు పంపించింది. "అమ్మ చేతులు ఖాళీగా ఉంటే నోరు ఖాళీగా ఉండదు, అత్తా. నీ మంచికే పంపుతున్నా" అని ఫోన్లో నవ్వింది. కోపంతో రాసిన వీలునామాలో ఈ సంగతి రాయలేదు. ఇప్పుడు రాస్తున్నాను. ఇదంతా మొదలుపెట్టింది ఆ పిల్లే.

వదిన పిట్టలు చేసింది. బొటనవేలంత పిట్టలు. మెడ ఒకవైపు తిప్పి, పిలిస్తే పలుకుతాయా అన్నట్టు చూసేవి. ఓవెన్లో కాల్చి వరుసగా పెట్టేది. నాకు ప్రాణం విలవిల్లాడేది. రూపం చూస్తే దేవుడు చేసినట్టు, ఒళ్ళు చూస్తే గరుకుగా, వేళ్ళ గుర్తులు అచ్చులు పడి. బతుకంతా కట్టుడు పళ్ళు నున్నగా చేసినదాన్ని, చూస్తూ ఎలా ఊరుకోను? ఒక పిట్టను అడక్కుండా సంచిలో వేసుకుని ల్యాబుకు తీసుకెళ్ళాను. మధ్యాహ్నం విరామంలో నీళ్ళలో ముంచి ముతక పేపరుతో మొదలుపెట్టి, మెట్టు మెట్టుగా నున్నటి పేపరుకు వెళ్తూ రుద్దాను. తొందరపడి ఒక మెట్టు దాటేస్తే ఆ గీతలు కడదాకా పోవు. చివర్న, అప్పటికింకా ల్యాబులోనే ఉన్న ఈ లేతు చక్రం మీద పైపైన తాకించి మెరుగు పెట్టాను. గట్టిగా నొక్కితే వేడికి మచ్చపడుతుంది. సాయంత్రం దాన్ని తీసిన చోటే పెట్టేశాను. మర్నాడు పొద్దున నా టిఫిన్ డబ్బా మూత మీద మూడు పిట్టలు కూర్చుని ఉన్నాయి.

మేం మాట్లాడుకోవడం అలా మొదలైంది. కొన్నాళ్ళకు రెండో పొయ్యి తీసేసి ఆ చోట ఆవిడ క్లే పలక పెట్టాం.

కండక్టరుకు ఒక షరతు. నువ్వు పని బాగా చేస్తావు, కానీ తొందర. బస్సు ఎక్కడికీ వెళ్ళిపోవడం లేదు. మెట్టు దాటేయకు.

4. మా వదిన పెట్టుకున్న అంగిలి ప్లేటు. గులాబీ రంగు అక్రిలిక్‌తో చేసినది, కుడివైపు నాలుగు పళ్ళు ఉన్నది, నా మంచం పక్క సొరుగులో తెల్లటి గుడ్డలో ఉంది. దీనిని ఎవరికీ ఇవ్వవద్దు. ఒక నోటికి చేసిన ప్లేటు ఇంకో నోటికి పట్టదు. నాతోపాటే సాగనంపండి.

వదిన నోట్లో పుండు లేచి ఎంతకీ మానలేదు. డాక్టరు దగ్గరకు వెళ్ళే వేళకు ఆలస్యమైంది. ఆపరేషన్‌లో పై దవడ కుడివైపు, అంగిలితో సహా తీసేశారు. నోటికీ ముక్కుకీ మధ్య గోడ లేకుండా పోయింది. మంచినీళ్ళు తాగితే ముక్కులోంచి వచ్చేవి. మాట కూడా అంతే. నోట్లో ఆగవలసిన గాలి ముక్కులోకి పోతే 'బ' అంటే 'మ' అవుతుంది, 'ద' అంటే 'న' అవుతుంది. ఎవరికీ అర్థమయ్యేది కాదు. డాక్టర్లు కూడా తలూపి నా వైపు చూసేవాళ్ళు. నాకు మాత్రం ప్రతి మాటా తెలిసేది. అందులో నా గొప్ప ఏమీ లేదు. ఏళ్ళ తరబడి ఆవిడతో పోట్లాడినదాన్ని. ఏ మాటకు ఏ మాట అంటుందో నాకు కంఠతా వచ్చు.

ఆ రోజుల్లో మేనకోడలు ఫోన్ చేసింది. వదిన రెండు చేతులతో ఫోన్ పట్టుకుని ఏదో చెప్పింది. మళ్ళీ చెప్పింది. మూడోసారి ఇంకా గట్టిగా చెప్పింది. అవతల నుంచి, "అమ్మా, నాకేం అర్థం కావట్లేదే. అత్తకి ఇవ్వు ఫోను" అని వినిపించింది. వదిన ఫోన్ నా చేతిలో పెట్టి వంటింట్లోకి వెళ్ళి, కడిగి బోర్లించిన గిన్నెలన్నీ మళ్ళీ కడిగింది. ఆ తర్వాత ప్లేటు వచ్చేదాకా నా ఎదుట ఆవిడ ఫోన్ ముట్టుకోలేదు.

పిల్ల ఒకసారి చూడ్డానికి వచ్చింది. రెండు రోజులుంది. తల్లి ఎదురుగా కూర్చుని, తల్లి మొహం చూడలేక, గోడకున్న క్యాలెండర్ వైపు చూస్తూ మాట్లాడింది. దాన్ని బస్సెక్కించి వస్తూ అనుకున్నాను, ఈ జన్మకు దీన్ని క్షమించనని.

ఆ గోడకు బదులు నోట్లో బిగించే ప్లేటు ఆసుపత్రిలో కావాలంటే వరుసలో ఉండాలి. వరుస చాలా పొడుగు. నేను పళ్ళ డాక్టరుగారి కాళ్ళా వేళ్ళా పడి, అచ్చు ఆయన తీస్తే, మిగిలిన పని ల్యాబులో నేనే చేశాను. మైనం, మూస, అక్రిలిక్, అరగదీత, మళ్ళీ పెట్టి చూడ్డం, గుచ్చుకున్న చోట మళ్ళీ అరగదీత. నా సర్వీసులో ఎన్ని వందల నోళ్ళకు పాలిష్ పెట్టానో గానీ, ఇంత భయపడుతూ ఎప్పుడూ పెట్టలేదు. డాక్టరుగారు ప్లేటు బిగించి, "ఏదైనా మాట్లాడండమ్మా" అన్నారు. వదిన నాలుకతో అటూ ఇటూ తడిమి చూసుకుని, నా వైపు తిరిగి, "ఇంత నున్నగా చేశావేంటే, నాలుక జారిపోతోంది" అంది.

ప్రతి అక్షరం అక్షరంలా ఉంది. నేను బయటికి వెళ్ళి వరండాలో నిలబడ్డాను. నవ్వానో ఏడ్చానో ఆ పక్కనున్నవాళ్ళను అడగాలి.

ఆ సాయంత్రం ఆవిడే కూతురికి ఫోన్ చేసింది. అవతల ఆ పిల్ల, "ఎవరండీ మాట్లాడేది?" అంది. కొత్త ప్లేటుతో గొంతు మారింది, దాని తప్పు కాదు. వదిన, "మీ అమ్మనే. కొంచెం కొత్తగా ఉన్నాను" అంది.

5. పిట్టల నిధి. బ్యాంకులో నా పేరున ఉన్నదంతా ఈ నిధికి చెందవలసినది. నిధి పని ఒక్కటే: ప్లేటు కొనుక్కోలేని వాళ్ళకు ప్లేటు చేయించడం. వేరే మంచి పనులకు వాడకూడదు. లోకంలో మంచి పనులు చాలా ఉన్నాయి, వాటికి వేరే మనుషులున్నారు.

నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. నోరే లేనివాళ్ళ సంగతి ఆ సామెత కట్టినవాళ్ళకు తట్టలేదు. చెకప్‌కు వెళ్ళినప్పుడల్లా వార్డులో ఆడవాళ్ళు వదిన చుట్టూ మూగేవాళ్ళు. ప్లేటు తీసి చూపించమనేవాళ్ళు. కండక్టరు అప్పట్లో పలక మీద రాసి మాట్లాడేది. "దీంతో అరవొచ్చా?" అని రాసి వదిన మొహం ముందు పెట్టింది. ఇంటికి వచ్చే దారిలో వదిన, "మన పిట్టలు అమ్ముదాం" అంది. 'నా పిట్టలు' అనలేదు. 'మన' అంది. నేను సరేనన్నాను.

శనివారం శనివారం ఆసుపత్రి వరండాలో బల్ల వేశాం. పిట్టలు, గుండీలు, చెవులకు పెట్టుకునేవి, తాళంచెవులకు తగిలించుకునేవి. వదిన చేసేది, నేను నున్నగా చేసేదాన్ని. అప్పటి సూపర్‌వైజరు వచ్చి, "ఇది ఆసుపత్రా, సంతా?" అని కేకలేసి బల్లను వాహనాల షెడ్డు పక్కకు తోయించాడు. అక్కడైతే జనం బండ్ల కోసం ఎదురుచూస్తూ నిలబడతారు, చేతులు ఖాళీగా ఉంటాయి. అమ్మకాలు పెరిగాయి. ఆయన కడుపుమంట మాకు కలిసొచ్చింది. మొదటి ప్లేటు కండక్టరుకు చేయించాం. అది పెట్టుకున్న రోజే బల్ల ముందు నిలబడి, "ఖాళీగా ఉంది, ముందుకు రండి, ముందుకు రండి!" అని అరిచింది. షెడ్డులో కార్లవాళ్ళు హారన్లు ఆపి చూశారు.

ఆ సూపర్‌వైజరు రిటైరై, ఈ మధ్య భార్యను చూపించడానికి అదే ఆసుపత్రికి తిరుగుతున్నాడు. షెడ్డు దగ్గర నిలబడుతున్నాడు. నా మడతకుర్చీ ఆయనకు ఇవ్వవలసినది. ఇంటికి పట్టుకెళ్ళమని కాదు, వచ్చినప్పుడల్లా వేసి కూర్చోబెట్టమని. నా కోపంలో సగం నాతో వస్తుంది. మిగతా సగం కుర్చీలో ఉంటుంది, కూర్చుంటే ఆయనకే తెలుస్తుంది.

6. దర్జీగారికి నా భూతద్దం ఇద్దామనుకున్నాను. ఆయనకు సూది బెజ్జం కనిపించడం లేదు. సాక్షి సంతకం పెట్టేవాళ్ళకు వీలునామాలో ఏదైనా ఇస్తే చెల్లదని వకీలుగారన్నారు. అందుచేత నిన్ననే చేతికి ఇచ్చేశాను. ఇప్పుడది నా ఆస్తి కాదు, ఈ అంశమూ అంశం కాదు.

7. నీలం రంగు బిస్కెట్ డబ్బాలో ఉన్న పిట్టలు. ఇవి నా మేనకోడలికి చెందవలసినవి. వీటిని ఎవరూ, ఏ కారణం చేతా, పాలిష్ చేయకూడదు. నిధి కోసమైనా అమ్మకూడదు. గరుకుగా ఉన్నవి గరుకుగానే ఉంచవలసినది.

జబ్బు మెడలోకి తిరగబెట్టింది. ఈసారి కోయడానికి ఏమీ లేదన్నారు. వదిన చివరి వారాల దాకా మంచంలో దిండ్లు ఆనించుకుని పిట్టలు చేస్తూనే ఉంది. చేతుల్లో పట్టు లేదు. ముక్కులు వంకర పోయేవి. "ఇది కాకా, పిచ్చుకా?" అని నేనంటే, "నువ్వు రుద్దితే ఏదో ఒకటి అవుతుందిలే" అనేది. నేను రుద్దలేదు. ఆవిడ దగ్గర కూర్చోవడమే సరిపోయింది. కాల్చి డబ్బాలో వేసేదాన్ని, తర్వాత చూద్దామని.

ఆవిడ పోయిన రోజున సిస్టరమ్మ వదిన నోట్లోంచి ప్లేటు తీసి, కడిగి, నా చేతిలో పెట్టింది. ఇంకా వెచ్చగా ఉంది. కడిగిన నీళ్ళ వెచ్చదనం అని నాకు తెలుసు. తెలిసినా గుప్పిట మూసుకున్నాను.

కొన్నాళ్ళకు డబ్బా తెరిచాను. శనివారం దగ్గరపడింది, బల్ల మీద పెట్టడానికి సరుకు లేదు. ఒక పిట్టను నీళ్ళలో ముంచాను. తడికి దాని రెక్క మీద గీతలు పైకి తేలాయి. చుట్టలు చుట్టుకున్న బొటనవేలి గీతలు. పని నేర్చుకోవడానికి వచ్చేవాళ్ళు పాలిష్ అంటే ఏమిటని అడిగితే, చేసిన చేతి గుర్తు కనబడకుండా చేయడమేనని చెప్పేదాన్ని. మంచి పనితనం అంటే అదే. ఇన్నేళ్ళలో మా బల్ల మీద నుంచి ఎన్ని పిట్టలు ఎగిరిపోయాయో, ఏ ఒక్కదాని మీదా వదిన వేలు లేదు. నేనే తీసేశాను, శ్రద్ధగా, మెట్టు మెట్టుగా. అవి నున్నగా ఉండాలి కాబట్టి ఉన్నాయి, అందుకు నాకు విచారం లేదు. కానీ ఈ డబ్బాలో ఉన్నవి తప్ప లోకంలో ఆవిడ వేళ్ళు ఇంకెక్కడా మిగల్లేదు. పిట్టను గుడ్డతో అద్ది, ఆరబెట్టి, మళ్ళీ డబ్బాలో పెట్టాను. ఆ శనివారం వార్డువాళ్ళు చేసిన గుండీలే అమ్మాం.

వదిన వీలునామా రాయలేదు. వేలిముద్రలు మాత్రం వేసి వెళ్ళింది. అవి కన్నకూతురికే చెల్లాలి.

8. ఫ్లాటు, అందులోని సామాను, ఓవెనుతో సహా నా మేనకోడలికి సర్వహక్కులతో చెందవలసినది. బాల్కనీని ఆనుకుని ఉన్న గది మాత్రం కండక్టరూ వార్డువాళ్ళూ పనిచేసుకున్నంత కాలం వాళ్ళ వాడకంలో ఉండాలి. పొడి రేగుతుందని విసుక్కోకు, అమ్మాయీ. నీళ్ళలో రుద్దితే రేగదు.

నిజానికి పాత వీలునామాలో ఫ్లాటు కూడా నిధికే రాశాను. మార్చిన కారణం ఇది.

ఈ ఎండాకాలంలో ఒక శనివారం ఆ పిల్ల చెప్పకుండా వచ్చి, బల్ల ముందు కొనేవాళ్ళ మధ్య నిలబడింది. నేను వెనక సరుకు సర్దుకుంటూ చూడలేదు. కండక్టరుకు అదెవరో తెలియదు. "పాలిష్ పెట్టనివి ఉన్నాయా?" అని అడిగిందట. "పాలిష్ లేనిది మా అత్త బల్లెక్కనివ్వదమ్మా, ఇది చూడు, అద్దంలా ఉంది" అని కండక్టరు దాని చేతిలో నమూనాకు ఉంచుకున్న వదిన పిట్టను పెట్టిందట. అది పిట్టను తిప్పి తిప్పి చూసి, అక్కడే మట్టిలో కూలబడి ఏడ్చింది. అప్పుడు చూశాను నేను.

ఇంటికి తీసుకొచ్చాను. ఇద్దరం అన్నం తిన్నాం. తర్వాత అది తన ఫోన్ తీసి నా ముందు పెట్టింది. ఆపరేషనయ్యాక, ప్లేటు రాకముందు, వాళ్ళమ్మ ఫోన్లో వదిలిన గొంతులు అందులో దాచుకుంది. నేను ల్యాబుకు వెళ్ళాక వదిన చేస్తే, ఈ పిల్ల ఎత్తనందువల్ల రికార్డయిన ఫోన్లవి. నాకు ఆ సంగతే తెలియదు. "అత్తా, ఇందులో అమ్మ ఏమంటోందో చెప్పవా? ఎన్నిసార్లు విన్నా నాకు తెలియట్లేదు. అమ్మనే అడుగుదామంటే, అన్నాళ్ళూ అర్థం కాలేదని తెలిసిపోతుందని అడగలేకపోయాను" అంది. మీట నొక్కింది.

ఆ గొంతు. గోడ కూలిన నోట్లోంచి, ముక్కులోంచి వచ్చే ఆ గొంతు. ప్లేటు వచ్చాక నేనే మర్చిపోయిన గొంతు. "ఆపెయ్" అన్నాను. లోపలికి వెళ్ళి తలుపు వేసుకున్నాను. ఆ రోజు నా వల్ల కాలేదు. మర్నాడు పొద్దున్నే అది వెళ్ళిపోయింది. వెళ్ళేముందు ఆ గొంతులు నా ఫోనుకు పంపించి, "నీకు వీలైనప్పుడు, అత్తా. తొందరేం లేదు" అంది.

తొందరుందని తర్వాత నా గుండె చూసిన డాక్టరుగారు చెప్పారు.

ప్లేటు రాకముందటి వదిన మాట తెలిసినవాళ్ళు లోకంలో నేనొక్కదాన్నే మిగిలాను. నేను పోతే ఆ గొంతు ఉత్త చప్పుడైపోతుంది. అందుకే రోజూ కొంచెం కొంచెం వింటూ రాసుకున్నాను. నేనుండగానే దాన్ని పిలిచి, పక్కన కూర్చోబెట్టుకుని చెప్పాలని ఉంది. నోరు రాకపోతే ఇది ఉంటుంది.

9. నా మేనకోడలికి, వాళ్ళమ్మ మాటలు.

మొదటి గొంతు: "నేనే. మీ అత్త పనికెళ్ళింది. నువ్వు మీటింగులో ఉండే టైము చూసి చేస్తున్నా. నువ్వెత్తితే నీకర్థం కాదు, నాకు బాధేస్తుంది, నీకూ బాధేస్తుంది. దీనికైతే చెప్పుకోవచ్చు. ఇది విసుక్కోదు. అన్నం మెత్తగా కలుపుకుని తింటున్నా. పర్లేదు. దిగుతోంది."

రెండో గొంతు: "ఇవాళ అద్దంలో చూసుకున్నా. మరీ అంత భయంగా ఏం లేనులే. నువ్వొచ్చినప్పుడు క్యాలెండరు చూస్తూ కూర్చున్నావు. నాకు కోపం రాలేదే. నువ్వటు చూస్తుంటే నేను నిన్ను తీరిగ్గా చూసుకున్నా. ఎడమ చెవి దగ్గర తెల్లవెంట్రుక వచ్చింది నీకు. చూసుకున్నావా?"

అమ్మాయీ, ఈ రెండో గొంతు రాసుకున్న రోజున నీ మీద పెట్టుకున్న కోపం అంతా తీసి పక్కన పెట్టాను. కన్నతల్లికి లేనిది నాకెందుకు?

మూడో గొంతు. ఇది రాయడం నాకిష్టం లేదు. కానీ ఒకరి మాట ఇంకొకరికి అందించేటప్పుడు అందులోంచి దొంగిలించకూడదు కాబట్టి ఉన్నదున్నట్టు రాస్తున్నాను: "మీ అత్త గురించి చెప్పాలి. పైకి గయ్యాళి గానీ ఏం లేదు దాని దగ్గర. నేను పోతే అది వండుకోదు. ఒక్కదానికి ఏం వండుకుంటాంలే అని బిస్కెట్లు తిని పడుకునే రకం. వారానికొకసారి ఫోన్ చెయ్యి. తిన్నావా అని అడక్కు, అబద్ధం చెప్తుంది. ఏం వండావు అని అడుగు. నేను చెప్పానని చెప్పకు. నువ్వు... ఇదిగో చూడు, రా..."

అక్కడ టైం అయిపోయి తెగిపోయింది.

ఈ చివరి ముక్క నేను మళ్ళీ మళ్ళీ విన్నాను. నిన్ను రమ్మందో, ఈ మొహం చూడలేవు రావద్దందో తెలియదు. నాకు తెలిసిన వదిన ఒకే ఊపిరిలో రెండూ అనగలదు. ఇన్నేళ్ళలో ఆవిడ మాట నాకు అందకపోవడం ఇదొక్కసారే. ఊహించి రాస్తే నీకు సుఖంగా ఉండొచ్చు. కానీ వీలునామాలో ఉన్నది రాయాలి, లేనిది రాయకూడదు. కాబట్టి అది నీకు సగం మాటగానే చెందుతుంది.

ఇది నా ఇష్టపూర్వకంగా వ్రాసుకున్నది. చదివి సరిచూసుకున్నాను. కొట్టివేతలు ఏడో అంశంలో ఒకటి, తొమ్మిదో అంశంలో రెండు. అవి నేను చేసినవే.

తేదీ: 2023 నవంబరు 18, శనివారం. బల్ల కండక్టరు చూసుకుంటోంది.

(సంతకం) పాలిషత్త

సాక్షులు:

పై వ్రాతను ఆవిడ మా ఇద్దరి ఎదుట పైకి చదివి, మా ఎదుటే సంతకం చేశారు. మేమూ ఆవిడ ఎదుటే సంతకాలు చేశాం. తొమ్మిదో అంశం దగ్గర ఆవిడ చదవడం ఆపారు. మేం తొందరపెట్టలేదు. కాసేపటికి వదినగారి మాటలను వదినగారి గొంతుతోనే చదివారు.

(సంతకం) కింది వాటా దర్జీ
(సంతకం) పళ్ళ డాక్టరు